రెండు పళ్ల తేడా

మొన్న ఆదివారం ఉదయం వంటింట్లో కాఫీ కలుపుకుంటుంటే మా అపార్టుమెంటు సెల్లారులోంచి ఒక కారు సెల్ఫ్ మోత వినిపించింది. గిర్రున తిరిగి టక్కున అందుకునే మోత కాదు. బస్తా ఎత్తలేక మూలుగుతున్న మనిషిలా ఒక్కో చుట్టూ ఈడ్చుకుంటూ తిరిగి, ఆగి, మళ్లీ మొదలైంది. చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టానో, సింకులో పడేశానో గుర్తులేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మూడంతస్తుల మెట్లు దిగి పరుగెత్తాను.

"తాళం మీద చెయ్యి తీసెయ్యండి! ముందు చెయ్యి తీసెయ్యండి!" అని నేను అరిచిన అరుపుకు మొదటి అంతస్తు ఫణికుమార్ గారు హడలిపోయి కారు దిగేశారు.

"ఏమైందండీ మేడం? నిన్ననే టైమింగ్ బెల్టు మార్పించానండి. పొద్దున్నే తీస్తుంటే ఇంజిను బరువుగా తిరుగుతోంది, అంతే."

"బెల్టు మార్చాకే ఇలా ఉందా?"

"అవునండి. ఎందుకలా కంగారు పడుతున్నారు?"

నా కారు డిక్కీలోంచి పానా తెచ్చి, గేరు తప్పించి, ఇంజినును చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి చూశాను. ఎక్కడా పట్టలేదు. తీరా చూస్తే బ్యాటరీ టెర్మినల్ సరిగ్గా బిగించలేదు. అది బిగించగానే కారు ఒక్క ఊపులో అందుకుంది. ఫణికుమార్ గారు నవ్వి, "ఇంత చిన్నదానికి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారేంటండీ?" అన్నారు. చెప్పులు కనపడలేదని చెప్పాను. అది నిజం కాదు. కొత్త బెల్టు వేసిన ఇంజిను బరువుగా తిరుగుతోందని ఎవరన్నా నాకు నాంచారయ్య మేస్త్రి గారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే ఆ తాళం ఎవరినీ తిప్పనివ్వలేను.

ఇంజిన్ల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. ఇంజినులో కింద పిస్టన్లు, పైన వాల్వులు ఉంటాయి. పిస్టన్ పైకొచ్చే వేళకు వాల్వు పక్కకు తప్పుకోవాలి. ఆ వరస తప్పకుండా చూసేది పళ్లున్న ఒక రబ్బరు బెల్టు. అదే టైమింగ్ బెల్టు. కొత్త బెల్టు వేసేటప్పుడు పైనా కిందా ఉన్న పుల్లీల మీది గీతలు వాటి చోటికి రావాలి. ఒకటి రెండు పళ్లు అటూ ఇటూ అయితే పిస్టన్ వెళ్లి వాల్వుకు తగులుతుంది. చేత్తో తిప్పేటప్పుడైతే అక్కడ బిగుసుకుని ఆగిపోతుంది, ఏ నష్టమూ ఉండదు. తాళం తిప్పి సెల్ఫ్ కొడితే మాత్రం దాని బలానికి వాల్వులు వంగిపోతాయి. ఆ తర్వాత ఇంజిను మొత్తం విప్పుకోవలసిందే.

నాకు ఇదంతా నేర్పింది నాంచారయ్య గారు. నాది ఉయ్యూరు దగ్గర పల్లె. మా నాన్న చెరకు రైతు. ట్రాక్టరు విప్పినప్పుడల్లా నేను పక్కనే కూర్చునేదాన్నని నన్ను మెకానికల్ డిప్లొమా చదివించాడు. చదువవగానే విజయవాడ ఆటోనగర్‌లో ప్రసాదరావు గారనే ఆయన కార్ల షెడ్డులో సూపర్వైజరుగా చేరాను. పేరుకు సూపర్వైజరునే గాని, నా పనల్లా వచ్చిన కార్లకు జాబ్ కార్డులు రాయడం, ఫోన్లు ఎత్తడం. బండి బానెట్ దగ్గరికి వెళితే మెకానిక్కులు "మీకెందుకండీ, బట్టలకు గ్రీజు అవుతుంది" అని మర్యాదగానే పక్కకు తప్పించేవారు. అక్కడ పెద్ద మేస్త్రి నాంచారయ్య గారు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లుంటాయి. సన్నగా, కొద్దిగా ముందుకు వంగి నడిచేవారు. కుడిచేతి చూపుడువేలి గోరు మాత్రం కొంచెం పెంచుకునేవారు. అదెందుకో నాకు తర్వాత తెలిసింది.

చేరిన రెండో వారంలో ఆయనే నన్ను పిలిచారు.

"అమ్మాయ్, రాత పని అయితే ఇలా రా. ఈ పానా పట్టుకుని, కళ్లు మూసుకుని తిప్పు."

"కళ్లెందుకు మూసుకోవాలండీ?"

"తెరిస్తే అటూ ఇటూ చూస్తావు. చేతికి ఏం తెలుస్తోందో పట్టించుకోవు. ఊఁ, తిప్పు. నెమ్మదిగా."

తిప్పాను. కొంతదూరం తేలిగ్గా వచ్చి తర్వాత బిగువైంది. ఇంకాస్త నెడితే ఎదురుతోసి, ఉఫ్‌మని వదిలింది. "అది గాలి. లోపల గాలి నొక్కుకుంటే స్ప్రింగులా తోస్తుంది. దానికి భయపడక్కర్లేదు," అన్నారు. ఆ తర్వాత బెల్టు ఎక్కువ బిగించిన ఇంకో ఇంజిను తిప్పించారు. అది మొదట్నుంచీ చివరిదాకా ఒకే బరువుతో ఈడ్చినట్టు వచ్చింది. "ఇది బిగువు. బెల్టు వదులు చెయ్యాలి. మూడోది ఒకటుంది. గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. అది తగిలితే ఇంకొక్క వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు. వెనక్కి తిప్పు, బెల్టు తియ్యి, మొదట్నుంచి మొదలెట్టు. అప్పుడు మాత్రం తాళం జోలికి ఎవరు పొమ్మన్నా పోకు." మూడేళ్లలో కాలేజీవాళ్లు చెప్పనిది పావుగంటలో నా మణికట్టుకు ఎక్కింది. ఆ రోజు నుంచి షెడ్డులో నన్ను ఎవరూ బానెట్ దగ్గర్నుంచి తప్పించలేదు. మేస్త్రి గారు పిలిచాక ఇంకెవరికి ధైర్యం?

ఆయనది పెదన. నేతపనివాళ్ల కుటుంబం. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తండ్రి పక్కన మగ్గం మీదే కూర్చున్నారట. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు ఒకసారి చెప్పారు. "మా నాన్న పడుగు మీద అరచెయ్యి ఆనించమనేవాడు. ఏ పోగు వదులైందో చూడకుండా చెప్పమనేవాడు. తప్పు చెబితే చెయ్యి మీద ఒకటి వేసేవాడు. మగ్గం కూడు పెట్టడం మానేసింది గాని, ఆ చెయ్యి మాత్రం నాతోపాటు ఇక్కడికొచ్చింది." బెల్టు బిగువు చూడటానికి అందరూ కొలత చూసుకుంటే, ఆయన బెల్టును రెండు వేళ్లతో పట్టి కొద్దిగా మెలితిప్పి వదిలేవారు. తర్వాత నేను కొలిచి చూస్తే సరిగ్గా ఉండేది. మొదట్లో నమ్మక కొలిచేదాన్ని. తర్వాత తర్వాత ముచ్చటకి కొలిచేదాన్ని.

కొండపల్లి నుంచి ఒక కారును తాడు కట్టి లాక్కొచ్చిన రోజు నాకింకా కళ్లముందే ఉంది. దాని యజమాని థర్మల్ స్టేషన్లో ఉద్యోగి. ఎక్కడో బెల్టు మార్పిస్తే ఇంజిను కదలడం లేదట. లోపల అంతా పట్టేసింది, కొత్త ఇంజిను వేసుకోవాలన్నారట. ఆయన ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. మేస్త్రి గారు ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, బెల్టు విప్పారు. "అమ్మాయ్, అందరూ ఒకే బెల్టుకు కట్టేసి ఉన్నప్పుడు ఎవరు మొండికేశారో తెలీదు. విడదీసి ఒక్కొక్కర్నీ అడగాలి," అన్నారు. కింద పుల్లీ తిప్పారు, తిరిగింది. పైది కదిపారు, కదిలింది. మధ్యలో నీళ్ల పంపు చక్రాన్ని వేళ్లతో పట్టుకుంటే అది రాయిలా కూర్చుంది. బెల్టుతోపాటు వేసిన కొత్త పంపే పనికిరానిది. గంటలో వేరే పంపు వేసి కారు ఇచ్చేశారు. ఆ కొండపల్లి ఆయన కళ్లు తుడుచుకుంటూ మేస్త్రి గారి చేతులు పట్టుకోబోతే, "గ్రీజండీ, గ్రీజు," అంటూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అలాంటి మనిషి.

మూడో ఏట ఆయన కళ్ల సంగతి నాకు తెలిసింది. బెల్టు అట్టపెట్టె మీద నంబరు చదివిపెట్టమని ఒకరోజు అడిగారు. మర్నాడు మళ్లీ అడిగారు. ఆ వారంలో ఒకసారి పుల్లీ ముందు కూర్చుని, చూపుడువేలి గోటితో దాని అంచు అంతా తడుముతున్నారు. గీత కోసం. చాలా కాలంగా ఆయన గీతలను గోటితోనే చూస్తున్నారని అప్పుడు అర్థమైంది. గోరు అందని చోట ఉన్న గీతల దగ్గరే ఇబ్బంది.

"మేస్త్రి గారూ, మీకు కనపడటం లేదు కదూ?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "పొర కమ్మిందమ్మా. రెండు కళ్లకీను. ఏడాదైంది."

"ఆపరేషన్ చేయించుకుంటే పోతుందండీ. ఇప్పుడది పెద్ద విషయం కాదు."

"తెలుసు. నెల్రోజులు ఇంట్లో కూర్చోమంటారు. తిరిగొచ్చేసరికి నా చోట్లో ఇంకొకళ్లుంటారు. ఈ వయసులో కళ్లు చేయించుకొచ్చిన మేస్త్రిని ఎవరు నమ్ముతారు? నువ్వు ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. ఆ రోజు నుంచి గోటికి అందని గీతలు నేను చూసేదాన్ని. ఆయన పుల్లీ పట్టుకుని "చూడమ్మా, ఉందా?" అనేవారు. నేను వంగి, గుడ్డతో తుడిచి, లైటు వేసి చూసి, "ఉందండి," అనేదాన్ని. నా మాట మీద ఆయన బెల్టు ఎక్కించేవారు. ఇలా దాదాపు సంవత్సరం నడిచింది. మొదట్లో నాకది ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. పోనుపోను విసుగొచ్చింది. పనంతా నాకూ వచ్చేసింది, నేను లేకపోతే ఈయన చెయ్యలేడు, పేరు మాత్రం ఈయనది అనే ఆలోచన ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాయడం తేలికేమో అనుకున్నాను. తేలికేమీ కాదు.

ఎంతో బతిమాలితే చివరికి కంటి ఆసుపత్రిలో చూపించుకోవడానికి ఒప్పుకున్నారు. నేనే ఫోన్ చేసి మధ్యాహ్నం రెండింటికి సమయం తీసుకున్నాను. షెడ్డులో మాత్రం ఇంటి పని మీద వెళుతున్నానని చెప్పాలనుకున్నారు.

ఆ రోజు ఉదయం మా ఉయ్యూరు వైపు నుంచే ఒక డీజిలు కారు వచ్చింది. రైతు, మా నాన్నకు ముఖపరిచయం కూడా. మర్నాడు కూచిపూడిలో వాళ్లమ్మాయి నాట్యప్రదర్శన ఉంది, ఇంటిల్లిపాదీ వెళ్లాలి, సాయంత్రానికల్లా కారు కావాలన్నాడు. మేస్త్రి గారు పాత బెల్టు తీశారు. కింద గీత గోటితో చూసుకున్నారు. పై పుల్లీ గీత కవరు వెనక, లోపలికి ఉంది. "చూడమ్మా, ఉందా?" అన్నారు.

అప్పుడే నాకు ఫోనొచ్చింది. నాతో చదివిన స్నేహితురాలు, గుంటూరులో ఒక పెద్ద షోరూములో ఉద్యోగాలున్నాయని చెబుతోంది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నిలబడే లోపలికి తొంగిచూశాను. పుల్లీ మీద ఒక తెల్లరంగు చుక్క సరిగ్గా చోటుకు వచ్చి కనిపించింది. వంగలేదు. తుడవలేదు. లైటు వెయ్యలేదు.

"ఉందండి," అన్నాను.

ఆయన బెల్టు ఎక్కించి బిగించి, పానా పెట్టి నెమ్మదిగా తిప్పారు. ఒక అరచుట్టు వచ్చింది. ఆయన చెయ్యి ఆగింది. వెనక్కి తిప్పి మళ్లీ వచ్చారు. సరిగ్గా అక్కడే మళ్లీ ఆగింది.

"కరుస్తోందమ్మా ఎక్కడో." గేరు చూశారు, న్యూట్రల్‌లోనే ఉంది. బెల్టు మెలితిప్పి చూశారు, బిగువు సరిపోయింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "గీత బాగా చూశావు కదూ?" అని అడిగారు.

ఫోను అప్పటికే పెట్టేశాను. వంగి చూడటానికి అర నిమిషం చాలు. ఇందాక సరిగ్గా చూడలేదండీ అనాల్సొస్తుందని నోరు రాలేదు. "చూశానండి. సరిగ్గానే ఉంది," అన్నాను.

ఆయన కాసేపు పుల్లీ వంకే చూస్తూ కూర్చున్నారు. "సరే. వచ్చాక హీటర్ ప్లగ్గులు తీసేసి, గాలి లేకుండా తిప్పి చూద్దాం. కాకపోతే బెల్టు తీసి మొదట్నుంచి మొదలెడదాం. నేను వచ్చేదాకా తాళం ముట్టుకోవద్దు," అని చెప్పి ఆసుపత్రికి వెళ్లిపోయారు.

మూడు దాటాక రైతు వచ్చి కూర్చున్నాడు. పది నిమిషాలకోసారి లేచి కారు చుట్టూ తిరుగుతున్నాడు. ప్రసాదరావు గారు ఆఫీసు గదిలోంచి వచ్చి, "ఏంటి పద్మజా ఆలస్యం?" అన్నారు.

"ఇంజిను తిరగడం లేదండి. ఒకచోట బిగుస్తోంది. మేస్త్రి గారు వచ్చేదాకా ఆగమన్నారు."

"డీజిలు ఇంజిను, చేత్తో తిప్పితే బిర్రుగానే ఉంటుంది. ఎక్కడికెళ్లాడాయన?"

"ఇంటి పనండి."

"పని మధ్యలో వదిలేసి ఇంటి పనేంటి? పుల్లీల మీది మార్కులు సరిగ్గా ఉన్నాయా లేవా?"

"ఉన్నాయండి."

"మరింకేం? సెల్ఫ్ కొట్టు."

ఆయన్ని నేను తప్పుపట్టను. మార్కులు ఉన్నాయని చెప్పింది నేను. సీట్లో కూర్చున్నాను. నా మణికట్టుకు తెలుసు, అది గాలి కాదని. అయినా తాళం తిప్పాను. లోపల ఏదో పుటుక్కుమంది. ఆ వెంటనే సెల్ఫ్ ఏ బరువూ లేనట్టు ఉత్తినే గిరగిరా తిరిగింది, వాల్వులు వంగి లోపల గాలి నిలవనప్పుడు తిరిగినట్టు. ఆ చప్పుడు విన్న ప్రతి మెకానిక్కూ పని ఆపి మా వైపు చూశాడు.

ప్రసాదరావు గారు బానెట్ దగ్గరికొచ్చి ఇంజిను వంక చూశారు. తర్వాత అడిగారు. "మార్కులు పెట్టిందెవరు?"

"మేస్త్రి గారేనండి," అన్నాను.

నాలుగున్నరకు ఆయన వచ్చారు. కంట్లో చుక్కల మందు వేసి పరీక్ష చేశారు కాబట్టి ఆసుపత్రివాళ్లిచ్చిన నల్లద్దాలు పెట్టుకున్నారు. బుగ్గల మీదికి నీళ్లు కారుతున్నాయి. ప్రసాదరావు గారు ఆయన్ని ఆపాదమస్తకం చూసి, నల్లద్దాలు తియ్యమన్నారు. బల్ల మీది జాబ్ కార్డు తీసి చేతికిచ్చారు.

"ఇది చదవండి మేస్త్రీ."

ఆయన కార్డును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, దించేశారు. "ఇప్పుడు కనపడదండి."

ఆ మందు వేస్తే ఎవరికైనా కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు కనపడవు. నాకు తెలుసు. ఫోనులో ఆసుపత్రివాళ్లు ఆ సంగతి చెప్పి, తోడు ఎవరినైనా తెచ్చుకోమన్నది నాతోనే. నేను నోరు విప్పలేదు.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"రెండేళ్లు కావస్తోందండి."

"రెండేళ్లా! మరి ఇన్ని కార్లకు మార్కులెలా పెడుతున్నారండీ?"

అమ్మాయి చూసి చెబుతుందండి అని ఒక్క మాట అంటే చాలు. ఆయన నా వైపు తిరగను కూడా లేదు.

"చేత్తో చూసుకుంటున్నానండి," అన్నారు. తర్వాత పాడైన కారు దగ్గరికి వెళ్లి, పుల్లీ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, "నా చెయ్యి జారినట్టుంది బాబుగారూ. బెల్టు ఎక్కించేటప్పుడు కదిలిపోయుంటుంది," అన్నారు.

ప్రసాదరావు గారు గట్టిగా మాట్లాడలేదు. రైతును తన సొంత కారిచ్చి పంపారు. మేస్త్రి గారితో, "ఇంక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి," అన్నారంతే. ఆయన చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, గేటు దగ్గర నన్ను చూసి "వస్తానమ్మా" అన్నారు. "సరేనండి," అన్నాను.

మర్నాడు ఇంజిను పైభాగం, అదే హెడ్డు, విప్పింది నేనే. వాల్వులు వంగి ఉన్నాయి. పై పుల్లీ మీద ఏళ్లనాటి జిడ్డు గుడ్డతో తుడిచాను. దాని కింద కంపెనీవాళ్లు పెట్టిన అసలు గీత కనిపించింది. తెల్లచుక్కకు రెండు పళ్లు ఇవతల. ఆ చుక్క వెనకటికి ఎవరో మెకానిక్కు తన గుర్తుకోసం పెట్టుకున్నది. చుట్టుపక్కల ఎవరూ లేరు. గుడ్డను పెట్రోలులో ముంచి ఆ చుక్కను రుద్దేశాను. రెండు రుద్దులకే పోయింది.

తర్వాత సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆయన చోటు నాకిచ్చారు. బాగా చేశాను, పేరొచ్చింది. నాలుగేళ్లకు ఆటోనగర్‌లోనే సొంత షెడ్డు పెట్టుకున్నాను. పెదన ఎంతో దూరం లేదు. వెళ్లాలనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం వచ్చింది. పనులు అడ్డం రాలేదు, నేనే తెచ్చి పెట్టుకున్నాను. ఆయనకు కూతురు కళ్లు ఆపరేషన్ చేయించిందని, చూపు బాగా వచ్చిందని ఎవరో చెబితే, హమ్మయ్య, ఇంకెక్కడో పనిలో చేరే ఉంటారు అనుకుని ఊరుకున్నాను. అలా అనుకోవడం నాకు సౌకర్యంగా ఉండేది.

ఎనిమిదేళ్ల తర్వాత, పోయిన మాఘమాసంలో, బందరులో ఒక కారు చూసి తిరిగొస్తూ పెదన దగ్గర బండి ఆపాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన వసారాలో పీట మీద కూర్చుని రాట్నం తిప్పుతూ పక్కింటి మగ్గానికి కండెలు చుడుతున్నారు. దారాన్ని రెండు వేళ్ల మధ్య నుంచి పోనిస్తున్నారు. నన్ను వీధి గుమ్మంలోనే గుర్తుపట్టారు. "పద్మమ్మా! నాగమణీ, ఎవరొచ్చారో చూడు," అని భార్యను పిలిచారు. ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా షెడ్డు గురించి, పిల్లల గురించి అడిగింది. నేను కూడా ఏదో ఒకటి అడగాలని, "మేస్త్రి గారు ఆపరేషనయ్యాక ఎక్కడ చేశారండీ?" అన్నాను.

"ఎక్కడా చెయ్యలేదమ్మా," అందావిడ. "కళ్లు బాగయ్యాక ఆటోనగర్ నుంచే ఇద్దరు వచ్చారు, మా షెడ్డుకు రండి మేస్త్రీ అని. బతిమాలారు. ఈయన కదిలితేగా? నా చెయ్యి జారుతోంది, ఒకళ్ల ఇంజిను పాడుచేశాను, ఇంకొకళ్లది చెయ్యలేనంటాడు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. చెప్పాను. ఫోను సంగతి, తెల్లచుక్క సంగతి, రెండోసారి అడిగినప్పుడు కూడా చూడకుండానే చూశానన్న సంగతి, పెట్రోలు గుడ్డ సంగతి. చెబుతున్నంతసేపూ రాట్నం తిరుగుతూనే ఉంది. తర్వాత ఆగింది. నాగమణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన తిడతారనుకున్నాను. పోనీలే అమ్మా అంటారని కూడా లోపల ఎక్కడో ఆశ పడ్డాను. రెండూ జరగలేదు. చుడుతున్న కండె తీసి పక్కన పెట్టి అడిగారు.

"ఎన్ని పళ్లు?"

"రెండండి."

"రెండేనా? సరిగ్గా చూశావా?"

"చూశానండి. తుడిచి చూశాను. రెండే."

"నేనూ రెండే అనుకున్నాను ఆ రోజు. అది ఆగిన చోటును బట్టి." ఆయన కుడిచెయ్యి ఎత్తి, వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నారు. "నువ్వు సరిగ్గా ఉందన్నావు కదా అని, దీనికే తెలియడం మానేసిందనుకున్నాను. ఎనిమిదేళ్లు దీన్ని అనుమానించానమ్మా. మా వాళ్ల మగ్గం దగ్గర పడుగు ముట్టుకోమన్నా ముట్టుకోలేదు. ఆ మాట నువ్వు అప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం పోతే పోయేది, నాకు కళ్లు లేవు, నిజమే. ఈ చెయ్యి మాత్రం నాకుండేది."

"మా షెడ్డుకు రండి మేస్త్రి గారూ. రేపే రండి. నేను వచ్చి తీసుకెళతాను."

"అరవై తొమ్మిదొచ్చాయమ్మా. ఇప్పుడు పానా పట్టి వంగగలనా?" అన్నారు. అందులో కోపం లేదు. ఉంటే నాకు కొంత బాగుండేది. "పొద్దుపోతోంది, బండి తోలుకుంటూ ఒక్కదానివే వెళ్లాలి. బయల్దేరు," అన్నారు. గుమ్మం దాకా వచ్చారు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

మరుసటి వారం ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, "ఇప్పుడు నాకెందుకు చెబుతున్నావమ్మా?" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆయన పెదనకు ఫోను చేశారో లేదో నేను కనుక్కోలేదు.

నన్ను మంచి మెకానిక్కు అంటారు. ఇంజిను చేత్తో తిప్పి, లోపల ఏముందో చెప్పేస్తుందని దూరం నుంచి కూడా కార్లు తెస్తారు. ఆ చెయ్యి ఎవరిచ్చారో వాళ్లకు తెలియదు. అది ఇచ్చిన మనిషి నా ఒక్క మాట నమ్మి తన చెయ్యిని తనే నమ్మడం మానేశాడని అసలే తెలియదు. వంగి చూడటానికి ఆ రోజు అర నిమిషం పట్టేది. చూడలేదని చెప్పడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బాగుచెయ్యాల్సిన ఇంజిన్లు ఎన్నో ఉన్నాయి. అవి నేను చేశాను.